ఇంగ్లీషు కష్టపదాలు నోటుబుక్కులో నిండుతున్నాయి, బుర్రలో నిలవడం లేదు

వంశధార అమ్మాయి (నరసన్నపేట)

నమస్కారం అండి. మాది నరసన్నపేట దగ్గర చిన్న పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత శ్రీకాకుళంలో బీఎస్సీ చదివాను. ఇప్పుడు బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసరు) పరీక్షలకి తయారవుతున్నాను. లెక్కలన్నా, రీజనింగన్నా భయం లేదు. ఇంగ్లీషు గ్రామరు కూడా, రూలు తెలిస్తే పెట్టీగలను. మాటల దగ్గరే ఆగిపోతున్నాను.

కోచింగులో రోజూ ఒక పీడీఎఫ్ పంపిస్తారు. యాభై మాటలుంటాయి. ఒక గడిలో ఇంగ్లీషు మాట, పక్క గడిలో తెలుగు అర్థం, ఆ పక్కన ఒక సినానిమ్ (అదే అర్థం వచ్చే మాట), ఒక యాంటనిమ్ (వ్యతిరేక పదం). బస్సులో కూర్చుని అవే వల్లె వేసుకుంటూ వెళ్తాను. ఆ రోజు టెస్టులో మార్కులు బాగానే వస్తాయి. వారం తిరిగేసరికి అదే మాట పేపర్లో ఎదురైతే, దీన్ని ఎక్కడో చూశానే అని తెలుస్తాది గానీ అర్థం మాత్రం తట్టదు.

ఇంకో చిక్కుంది. అలీవియేట్, మిటిగేట్, అస్వేజ్, అమీలియరేట్. ఈ నాలుగింటికీ మా పీడీఎఫ్‌లో ఒకటే అర్థం రాసి ఉంది, ఉపశమింపజేయు అని. పరీక్షలో ప్యాసేజీ మధ్యలో ఖాళీ ఇచ్చి, వీటిలో రెండు మూడు ఆప్షన్లుగా పెడితే ఏది పెట్టాలో నాకెలాగ తెలుస్తాది? మా సారుని అడిగితే ఇంకా ఎక్కువసార్లు చదవమన్నారు. చదువుతూనే ఉన్నాను.

అసలు ఎన్ని మాటలు వస్తే చాలు? మాట ఏ మూలం నుంచి వచ్చిందో చూసి నేర్చుకునే రూట్ వర్డ్స్ పద్ధతి పనిచేస్తాదా? తెలుగు అర్థాలు మానేసి ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషు డిక్షనరీయే చూడాలని కొందరంటున్నారు, అది నిజమేనా? నాకిది పరీక్ష కోసం మాత్రమే కాదు. ఇంగ్లీషు పేపరు చేతిలోకి తీసుకుని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఎవరినీ అడక్కుండా చదవాలని ఎప్పటినుంచో కోరిక. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

టెక్కలి కుర్రాడు

అక్కా, ఫోన్లో యాంకీ అనే యాప్ వేసుకో, ఆండ్రాయిడ్ ఫోనుకి ఉచితమే. నువ్వు చెప్పిన వారం తిరిగేసరికి పోవడం అందరికీ ఉన్నదే. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన తన మీద తనే ప్రయోగం చేసుకుని 1885లోనే దీన్ని రాశాడు. నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువ జారిపోతుంది, ఆ తర్వాత జారడం నెమ్మదిస్తుంది. కాబట్టి ఒకేరోజు పదిసార్లు చదివే కంటే రేపు ఒకసారి, నాలుగు రోజులకి ఒకసారి, పది రోజులకి ఒకసారి చూసుకోవడం మేలు. ఎప్పుడు చూడాలో యాప్ లెక్క వేసి అదే చూపిస్తుంది. తెలిసింది నొక్కితే దూరం జరుపుతుంది, తెలియనిది నొక్కితే మళ్లీ తొందరగా తెస్తుంది.

ఒకటే మాట. ఎవరో తయారుచేసిన వేల కార్డుల కట్ట దింపుకోవద్దు. నీ కార్డులు నువ్వే రాసుకో.

కోట వీధి మేష్టారు (విజయనగరం)

అమ్మా, నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ని. నా దగ్గర చదివినవాళ్లంతా తెలుగు మీడియం పిల్లలే. నీ ప్రశ్న చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

ముందు నీ నాలుగు మాటలే తీసుకుందాం. 'ఉపశమింపజేయు' అనే మాట మీ ఇంట్లో ఎవరైనా అనగా విన్నావా? వినలేదు కదా. తెలియని ఇంగ్లీషు మాటకి వాడుకలో లేని తెలుగు మాట తెచ్చి అతికిస్తే రెండూ కలిసి ఊడిపోతాయి. మన ఇళ్లలో ఏమంటామో చూడు. జ్వరం తగ్గింది. వాన వెలిసింది. వరద నీరు తీసింది. కోపం చల్లారింది. ఆకలి తీరింది. గాలి నెమ్మదించింది. అన్నీ తగ్గడమే. అయినా 'జ్వరం వెలిసింది' అని మీ తమ్ముడంటే నీ చెవికి వెంటనే తేడా కొడుతుంది. 'వాన చల్లారింది' అన్నా అంతే. ఇది నీకెవరూ జాబితా రాసి నేర్పలేదు. 'వెలవడం' అన్న మాట నీ చెవిన పడ్డప్పుడల్లా పక్కన వాన ఉంది. మాట, దాని జత, రెండూ కలిసే నీలోకి వెళ్లాయి.

ఇంగ్లీషు మాటకీ అలాగే జత ఉంటుంది. అలీవియేట్ పక్కన నొప్పి, బాధ, పేదరికం ఉంటాయి: పెయిన్, సఫరింగ్, పావర్టీ. ఇప్పటికే మీద పడి ఉన్న కష్టాన్ని కొంత తేలిక చెయ్యడం. మిటిగేట్ పక్కన రిస్క్, ఇంపాక్ట్, డ్యామేజ్ ఉంటాయి. రాబోయే దెబ్బ తీవ్రత తగ్గించడం, లేదా జరిగిన నష్టం పెరగకుండా చూడడం. అస్వేజ్ మనసుకి సంబంధించింది, ఎక్కువగా ఫియర్స్, గిల్ట్, యాంగర్ పక్కన వస్తుంది. ఆకలికి కూడా వాడతారు. అమీలియరేట్ ఈ ముగ్గురి గుంపులోది కాదు. అది తగ్గించడం కాదు, మెరుగుపరచడం. కండిషన్స్, సిచ్యుయేషన్ దాని జతలు. ఇప్పుడు ఖాళీ తర్వాత ఏ నామవాచకం ఉందో చూడు. పీవో పేపర్లో ఖాళీలు పూరించే ప్రశ్నల్లో చాలావాటికి తాళంచెవి అక్కడే దొరుకుతుంది.

తెలుగు అర్థం వద్దనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఇంగ్లీషులోనే ఆలోచించాలి, తెలుగు దగ్గరికి రానియ్యకూడదు అని చెప్పి తెలుగు మీడియం పిల్లల్ని భయపెట్టేస్తున్నారు. నీకున్న పెద్ద ఆస్తి తెలుగే. కాకపోతే తెలుగు మాట రాయకు, తెలుగు వాక్యం రాయి. 'నొప్పి తేలికపడేలా చేసింది మందు' అని రాసుకో. అది నిలుస్తుంది. ఇంగ్లీషు డిక్షనరీ కూడా చూడు, కానీ నేర్చుకునేవాళ్ల కోసం రాసినది చూడు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, లాంగ్‌మన్ వాళ్లవి మూడూ నెట్లో డబ్బు కట్టకుండా దొరుకుతాయి. లాంగ్‌మన్ వాళ్లయితే సుమారు 2,000 తేలిక మాటలతోనే అర్థాలన్నీ చెబుతారు. అర్థం తర్వాత ఉదాహరణ వాక్యాలుంటాయి చూడు, అసలు సరుకు అక్కడ ఉంది. మామూలుగా పిల్లలు అర్థం చదివి పేజీ మూసేస్తారు.

ఇక రూట్ వర్డ్స్. ఇది చెప్పడం నాకెంతో ఇష్టం. తొమ్మిది, పది తరగతుల్లో ఛందస్సు చదివావు కదా, గురువు లఘువు గుర్తులు పెట్టి గణాలు కట్టావు. లఘువంటే తేలికైనది, గురువంటే బరువైనది. లాటిన్‌లో తేలికైనదానికి లెవిస్ అంటారు, బరువైనదానికి గ్రావిస్ అంటారు. సంస్కృతం లఘు, లాటిన్ లెవిస్ ఒకే మూలం నుంచి వచ్చాయి. గురు, గ్రావిస్ కూడా అంతే. లెవిస్ నుంచి అలీవియేట్ వచ్చింది, గ్రావిస్ నుంచి అగ్రవేట్ వచ్చింది. అంటే అలీవియేట్ లఘువు చెయ్యడం, అగ్రవేట్ గురువు చెయ్యడం. బాధని తేలిక చేస్తే మొదటిది, బరువు పెంచితే రెండోది. ఆ రెండూ ఒకదానికొకటి యాంటనిమ్‌లు అని నీ పీడీఎఫ్ చెప్పకముందే నీ ఛందస్సు చెప్పేసింది.

అస్వేజ్ లోపల ఉన్నది సువావిస్, అంటే తియ్యనిది. మన స్వాదు దాని చుట్టమే. మాలిఫై అని ఇంకో మాట నీకు తగులుతుంది, కోపంగా ఉన్న మనిషిని మెత్తబరచడం. దాని మూలం మాలిస్, మన మృదువుకి చుట్టం. ఇగ్నైట్‌లో అగ్ని ఉంది. మోర్టల్‌లో మృత ఉంది. ఇన్నొవేట్‌లో నవ ఉంది. ఇగ్నొరెంట్, కాగ్నిషన్, అగ్నాస్టిక్ మూడింటిలోనూ జ్ఞానంలోని 'జ్ఞ' ఉంది. విలియం జోన్స్ కలకత్తాలో 1786లో సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకీ ఒకే మూలం ఉండాలని చెప్పిన దగ్గర్నుంచి ఈ చుట్టరికాన్ని వెతుకుతూనే ఉన్నారు. మన తెలుగు ద్రావిడ భాష, ఆ కుటుంబం వేరు. కానీ సంస్కృతం నుంచి తత్సమాలు మనం బోలెడు తెచ్చుకున్నాం కాబట్టి ఆ తాళాలు మన ఇంట్లోనూ వేలాడుతున్నాయి. ఇంగ్లీషు మీడియంలో చదివి గురులఘువులు చూడని పిల్లలకి ఈ సౌకర్యం లేదు, నీకుంది.

అయితే మూలాన్ని గుర్తుపెట్టుకోవడానికి వాడు, అర్థం ఊహించి గుడ్డిగా మార్కు పెట్టడానికి వాడకు. ఇన్‌ఫ్లేమబుల్ అంటే మంటలంటుకోనిది అనుకుంటారు. అంటుకునేదే. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువలేనిది కాదు, వెల కట్టలేనంత విలువైనది.

మరొకటి. కష్టపదాలు పుస్తకాల్లోనే ఉంటాయని నువ్వనుకుంటున్నావు. మీ ఊళ్లోనే ఉన్నాయి. పొలం కొనేముందు మీ నాన్నగారు ఈసీ తీయించారా? అందులో ఈ అంటే ఎన్‌కంబ్రెన్స్, ఆస్తి మీద ఉన్న బరువు, అప్పు, తాకట్టు. పట్టాదారు పేరు మార్చడాన్ని మ్యుటేషన్ అంటారు. కోవిడ్ రోజుల్లో వైరస్‌కీ మ్యుటేషన్ అన్నారు. రెండు చోట్లా మారడమే. ప్రభుత్వ భూమిని వేరేవాళ్లకి అప్పగిస్తే ఎలియనేషన్. మనిషి తనవాళ్లకి దూరమైపోయినా అదే మాట, తనది పరాయిదైపోవడం. తుపాను తర్వాత పంట నష్టం రాసుకోవడానికి వస్తే ఎన్యూమరేషన్ అంటారు, మీ ఊళ్లో చదువురాని ముసలమ్మకి కూడా తెలిసిన మాట అది. పేపర్లో ఎన్యూమరేట్ కనిపిస్తే ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పడమని ఇట్టే తెలిసిపోవాలి. ఎక్స్‌గ్రేషియా అన్నది లాటిన్ మాట, దయతో ఇచ్చేది అని. అంటే చట్టప్రకారం బాకీ లేకపోయినా ఇస్తున్నారన్నమాట. గ్రేషియస్, గ్రాటిట్యూడ్, గ్రాటిస్ దాని బంధువర్గమే. ఎమ్మార్వో ఆఫీసులో, ఆసుపత్రిలో, కోర్టులో విన్న ఇలాంటి మాటలన్నీ ఒక పేజీలో రాయి. పేజీ నిండిపోతుంది.

చదవడం ఎక్కడ మొదలెట్టాలి అంటే, విషయం నీకు ముందే తెలిసిన వార్తతో మొదలెట్టు. చాలామంది నేరుగా ఎడిటోరియల్ తీస్తారు. అందులో అమెరికా వడ్డీ రేట్ల గురించి ఉంటుంది, విషయమూ కొత్త, మాటలూ కొత్త, రెండు బరువులు ఒకేసారి ఎత్తాలి. నువ్వు తిత్లీ తుపాను వార్తలు వెతుక్కో. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, నీకు గుర్తుండే ఉంటుంది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా కూలిపోయాయో ఎవరూ నీకు చెప్పక్కర్లేదు. అందుకే ఆ వార్తలో 'మేడ్ ల్యాండ్‌ఫాల్' అంటే తీరం దాటడమని, 'అప్‌రూటెడ్' అంటే వేళ్లతో పెకలించుకుపోవడమని, 'ఇనండేటెడ్' అంటే నీట మునగడమని, 'మరూన్డ్' అంటే చుట్టూ నీళ్లు చేరి చిక్కుకుపోవడమని డిక్షనరీ ముట్టకుండానే తెలుస్తుంది. 'పవర్ సప్లై వాజ్ రిస్టోర్డ్' అంటే కరెంటు మళ్లీ వచ్చిందని. అన్ని రాత్రులు చీకట్లో ఉన్నవాళ్లకి రిస్టోర్ అనే మాటని ఎవరు మరిపించగలరు?

తుపాను అయ్యాక ఉద్దానం కిడ్నీ జబ్బు మీద వచ్చిన వ్యాసాలు చదువు. క్రానిక్ అంటే ఏళ్ల తరబడి ఉండేది, కాలానికి గ్రీకులో క్రోనోస్ అంటారు, క్రోనాలజీ అక్కడిదే. ఈటియాలజీ అంటే జబ్బుకి మూలకారణం. కవిటి, సోంపేట వైపు జబ్బుని 'అన్‌నోన్ ఈటియాలజీ' అని రాస్తారు, కారణం తేలలేదని. ప్రివలెన్స్ అంటే జనంలో ఎంతమందికి ఉందన్నది. ఎండెమిక్, ఎపిడెమిక్, పాండెమిక్ ముగ్గురిలోనూ డెమోస్ ఉంది, అంటే జనం. జనంలోనే ఉండిపోయేది మొదటిది, జనం మీద పడేది రెండోది, జనం అందరికీ పాకేది మూడోది. డెమోక్రసీలో ఉన్నదీ ఆ డెమోసే.

ఎన్ని మాటలు చాలు అన్నావు. న్యూజిలాండ్‌లో పాల్ నేషన్ అనే భాషావేత్త 2006లో లెక్క కట్టారు. ఎవరి సాయం లేకుండా పేపరు, నవల చదవాలంటే సుమారు 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు తెలిసుండాలని. కుటుంబం అంటే డిసైడ్, డిసిషన్, డిసైసివ్ అన్నీ కలిపి ఒకటి. భయపడకు, అందులో సగానికి సగం నీకిప్పటికే వచ్చి ఉండొచ్చు. అక్కడే పనిచేసే ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో చదువు పుస్తకాల్లో తరచుగా వచ్చే 570 కుటుంబాల జాబితా ఇచ్చారు. పాఠ్యగ్రంథాల్లో దాదాపు పది శాతం మాటలు ఆ జాబితాలోవే. ఎవరూ వాడని అరుదైన మాటల వెంట పడే ముందు ఆ 570 చూసుకో. నెట్లో ఊరికే దొరుకుతుంది. రోజుకి యాభై వద్దు. ఎనిమిదో పదో చాలు, కానీ ఒక్కోదానికి జత రాయాలి, సొంత వాక్యం రాయాలి.

టెక్కలి బాబు చెప్పిన యాప్ మంచిదే. ఫోను పట్టుకుంటే మనసు ఇంకెక్కడికో పోతుందనుకుంటే కాగితమే వాడు. ఇంట్లో పాత శుభలేఖలుంటాయి, వెనక ఖాళీగా ఉన్న దళసరి కాగితం. చీటీలుగా కత్తిరించు. ఒకవైపు మాట రాయకు, ఖాళీ ఉన్న వాక్యం రాయి. రెండోవైపు మాట. ఇప్పుడు వాక్యం చూసి మాట చెప్పాలి. నీ పీడీఎఫ్ దీనికి తలకిందులు పని చేయిస్తోంది, మాట చూసి అర్థం చెప్పమంటోంది. పరీక్షలో అడిగేది వాక్యం చూపించి మాట.

పలాస అప్ప

చెల్లీ, నేను బ్యాంకులోనే చేస్తున్నాను. మేష్టారు చెప్పిందంతా నిజమే గానీ పరీక్ష సంగతి ఒకటి నేను చెప్పాలి.

బ్యాంకు ఉద్యోగాలకి పరీక్ష పెట్టే ఐబీపీఎస్ వాళ్ల పీవో ప్రిలిమ్స్‌లో, అంటే మొదటి దశ పరీక్షలో, ఇంగ్లీషుకి 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. అందులో సగం ప్యాసేజీలు, ఖాళీలే. నేరుగా మాట ఇచ్చి అర్థం అడగడం తక్కువ. అందుకని నీకు జతల పద్ధతే సరైంది. కానీ నువ్వు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ కూడా రాస్తానంటే వేరు. అక్కడ వాక్యం లేకుండానే సినానిమ్, యాంటనిమ్, వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్, ఇడియమ్స్ అడుగుతారు, పాత పేపర్లలో వచ్చినవి మళ్లీ మళ్లీ వస్తుంటాయి. దానికి పాత పేపర్లు ముందేసుకుని వల్లె వేయాల్సిందే. మేష్టారికి నచ్చకపోవచ్చు గానీ పరీక్ష అలా ఉంది.

ఇంకొకటి, మాటని చెవితో కూడా నేర్చుకో. మనం తెలుగు మీడియం వాళ్లం స్పెల్లింగు చూసి చదివీస్తాం, తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి. ఇంగ్లీషులో అలా కుదరదు. ఎపిటోమ్ అని రాసినట్టు కనిపిస్తాది, పలకడం ఇపిటమీ. హైపర్‌బోల్ కాదు, హైపర్బలీ. సబ్‌టిల్ కాదు, సటిల్. ఇండిక్ట్ కాదు, ఇండైట్. డిక్షనరీ యాప్‌లో మాట పక్కన స్పీకర్ బొమ్మ ఉంటాది, నొక్కు, విను, పైకి అను. లేకపోతే ఏటవుతాదంటే, టీవీలో ఆ మాట వింటున్నా నీకు తెలిసిన మాటే అని నీకు తెలియదు. ఇంటర్వ్యూలో కూడా ఇది పనికొస్తాది.

మాటకి రంగుంటాది, అది కూడా చూసుకో. ఫ్రూగల్ అంటే పొదుపరి, స్టింజీ అంటే పిసినారి. ఇద్దరూ డబ్బు ఖర్చుపెట్టరు, కానీ మొదటిది మెచ్చుకోలు, రెండోది తిట్టు. నొటోరియస్‌కి ప్రసిద్ధి చెందిన అని రాసిన పుస్తకాలు చూశాను. దాన్ని పట్టుకుని ఎవరైనా మన కలెక్టరు గారిని నొటోరియస్ అని రాస్తే ఎంత గొడవ? చెడ్డపేరుతో పేరుమోసిన అని రాసుకో.

వంశధార అమ్మాయి (నరసన్నపేట)

మేష్టారూ, అప్పా, తమ్ముడూ, మీకందరికీ చాలా థాంక్స్. గురువు లఘువు చదివి మా ఇంట్లో అందరికీ చెప్పాను. గణాలు గుర్తుపెట్టుకునే యమాతారాజభానస ఇప్పటికీ వచ్చు నాకు, అది ఇంగ్లీషుకి పనికొస్తాదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మేష్టారూ, మీరు చెప్పినట్టు నాలుగు వాక్యాలు రాశాను. దయచేసి చూడండి.

ద క్యాజువరీనా ట్రీస్ ఆన్ ద కోస్ట్ మిటిగేట్ ద ఇంపాక్ట్ ఆఫ్ ద విండ్.

ద న్యూ హాస్పిటల్ ఎట్ పలాస మిటిగేటెడ్ ద పెయిన్ ఆఫ్ ద పేషెంట్స్.

ద రైస్ డిస్ట్రిబ్యూటెడ్ ఆఫ్టర్ ద సైక్లోన్ అస్వేజ్డ్ ద హంగర్ ఆఫ్ ద విలేజర్స్.

ద గవర్నమెంట్ షుడ్ అమీలియరేట్ ద డిసీజ్ ఇన్ ఉద్దానం.

ఇంకో ప్రశ్న. కోచింగు పీడీఎఫ్‌లు మానీమంటారా? డబ్బు కట్టీసాం కదా అని అమ్మ అంటోంది.

సిక్కోలు పాఠకుడు

మధ్యలో వచ్చినందుకు క్షమించాలి. మేష్టారు మాట, దాని జత అంటుంటే నాకు గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పిల్లలకి చదువు చెబుతూ సవరల భాష నేర్చుకున్నారు. చదువుకుందామంటే ఆ భాషకి పుస్తకమూ లేదు, నిఘంటువూ లేదు. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయన నోటివెంట విని, రాసుకుని నేర్చుకున్నారు. ఆ తర్వాత 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. అంటే నిఘంటువు కావాలనుకున్న మనిషికి మాట్లాడే మనిషే నిఘంటువయ్యాడు. చెల్లెమ్మకి మనిషి దొరక్కపోతే రేడియో ఉంది. ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు నెమ్మదిగా, స్పష్టంగా చదువుతారు. ముందు తెలుగు వార్తలు విని, ఆ తర్వాత ఇంగ్లీషు వార్తలు వింటే విషయం ఎలాగూ తెలుసు కాబట్టి మాటలు అందుతాయి.

కోట వీధి మేష్టారు (విజయనగరం)

సిక్కోలు వారూ, రామమూర్తి గారిని తలుచుకున్నందుకు సంతోషం. రేడియో సలహా నాకు చాలా నచ్చింది.

అమ్మా, వాక్యాలు చూశాను. మొదటిది నిక్షేపంగా ఉంది. తీరంలో సరుగుడు తోటలు గాలి దెబ్బని తగ్గిస్తాయి, మిటిగేట్, ఇంపాక్ట్ జత సరిగ్గా కుదిరింది. ఏ పేపర్లో అచ్చువేసినా ఎవరూ వేలెత్తి చూపరు.

రెండోదాంట్లో పెయిన్ ఉంది చూడు. నొప్పి పక్కన మిటిగేట్ పెట్టావు. అర్థమవుతుంది, కానీ 'జ్వరం వెలిసింది' అన్నట్టుంటుంది. ఇక్కడ అలీవియేట్ పెట్టు. పెయిన్ బదులు సఫరింగ్ అంటే ఇంకా బాగుంటుంది. వారానికి రెండు మూడుసార్లు బస్సెక్కి డయాలసిస్‌కి విశాఖపట్నం దాకా పోవాల్సిన అవస్థ కూడా అందులోకి వస్తుంది. 'ద న్యూ హాస్పిటల్ ఎట్ పలాస హాజ్ అలీవియేటెడ్ ద సఫరింగ్ ఆఫ్ ద పేషెంట్స్.' హాజ్ ఎందుకు చేర్చానంటే ఆ ఫలితం ఇప్పటికీ ఉంది కాబట్టి.

మూడోది ఒప్పే. ఆకలికి అస్వేజ్ వాడతారని చెప్పాను. అయితే ఊరంతటి ఆకలి గురించి వార్త రాసేవాళ్లు ఎక్కువగా అలీవియేట్ అంటారు. ఒక మనిషి ఆకలికీ భయానికీ అస్వేజ్ బాగా అతుకుతుంది. 'ద కలెక్టర్స్ విజిట్ అస్వేజ్డ్ ద ఫియర్స్ ఆఫ్ ద ఫిషర్‌మెన్' అని ఒకటి రాసుకో, చీటీకి పనికొస్తుంది.

నాలుగోదాంట్లో అమీలియరేట్ తర్వాత డిసీజ్ కుదరలేదు. జబ్బుని మెరుగుపరచలేం కదా! తెలుగులో అని చూడు, 'జబ్బుని మెరుగుపరచాలి' అంటే నీకే ఎబ్బెట్టుగా ఉంటుంది. మెరుగుపడాల్సినవి పరిస్థితులు. 'అమీలియరేట్ ద లివింగ్ కండిషన్స్ ఇన్ ఉద్దానం' అను.

పీడీఎఫ్‌లు మానొద్దు, మీ అమ్మగారు అన్నది సబబే, డబ్బు కట్టారు. వాటిని చదివే తీరు మార్చు. రోజూ వచ్చే యాభైలో నువ్వు ఎక్కడైనా, పేపర్లో గానీ ఎమ్మార్వో ఆఫీసు నోటీసులో గానీ, ఒక్కసారైనా చూసిన మాటల పక్కన టిక్కు పెట్టు. టిక్కు పడినవాటికే చీటీ రాయి. మిగతావాటిని ఆ రోజు టెస్టు కోసం చూసుకుని వదిలెయ్యి. వాటిలో అవసరమైనవి ఎప్పుడో చదువుతుంటే ఎదురవుతాయి, అప్పుడు టిక్కు పడుతుంది. ఎస్‌ఎస్‌సీ రాస్తే మాత్రం అప్ప చెప్పినట్టు పాత పేపర్లు వేరే పుస్తకంగా పెట్టుకో, దీనితో కలపకు.

శ్రీకాకుళం వెళ్తూనే ఉంటావు కాబట్టి వారానికి ఒక మధ్యాహ్నం జిల్లా గ్రంథాలయంలో కూర్చో, ఇంగ్లీషు పేపర్లు అక్కడ చదువుకోవచ్చు. మొదటి పేజీలో మన జిల్లా వార్త ఏదైనా ఉంటే అది చదువు, లేకపోతే వాతావరణం, పంటల వార్త. ఎడిటోరియల్ తర్వాత చూద్దాం.

ఈసారి అగ్రవేట్, మాలిఫై, ఇనండేట్, రిస్టోర్ పెట్టి వాక్యాలు రాయి. రిస్టోర్ కరెంటుకే కాదు, నమ్మకానికీ, ఆరోగ్యానికీ, పాత గుడికీ వాడతారు. మూడింటికీ వేర్వేరు వాక్యాలు కావాలి. రాసి ఇక్కడే పెట్టు, ఆదివారం చూస్తాను.